సొంత మంచుగడ్డ, పరాయి మంచుగడ్డ

ఈ సంచికకు చేరిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు అక్కడి కళాశాలల హాకీ జట్ల వెంట వారాంతాల్లో ఊళ్ళు తిరుగుతున్నారు. ఆ ఆట ఏమిటో, ఆ తిరుగుడు ఎందుకో ఇక్కడి తల్లిదండ్రులకు అంతుపట్టడం లేదు. ఆ ప్రాంతంలో కొన్నేళ్ళు ఉండి, ఆ ఆటలు చూసినవాణ్ణి కనుక ఈసారి వాటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో, కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అక్కడి హాకీ జట్టు ఆడేటప్పుడు వాయించే విద్యార్థుల బ్యాండులో డ్రమ్ము వాయిస్తాడు. వచ్చే శుక్రవారం కాంటన్ అనే ఊళ్ళో సెయింట్ లారెన్స్ జట్టుతో, శనివారం పోట్స్‌డామ్‌లో క్లార్క్‌సన్ జట్టుతో ఆటలున్నాయని, బ్యాండుతో పాటు బస్సులో వెళుతున్నానని చెప్పాడు. వరుసగా రెండు రాత్రులు, రెండు ఊళ్ళు, రెండు జట్లు ఏమిటి? ఒక ఊరికి వెళ్ళి ఒక ఆట ఆడి ఇంటికి రాకూడదా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందుగా, ఇది మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. గడ్డకట్టిన నీటి మీద, స్కేట్లు కట్టుకుని, జట్టుకు గోల్‌కీపరుతో కలిపి ఆరుగురు చొప్పున, ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు ఆడే ఐస్ హాకీ ఇది. బంతికి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం గల ఆ బిళ్ళను, మంచు మీద ఎగిరెగిరి పడకుండా ఉండేందుకు, ఆటకు ముందే గడ్డకట్టిస్తారు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. కార్నెల్ ఆడే పోటీల సమాఖ్య పేరు ఈసీఏసీ హాకీ. అందులో 12 కళాశాలలున్నాయి. వాటిని ఇరుగుపొరుగు చూసి ఆరు జంటలుగా కట్టారు: కార్నెల్–కోల్‌గేట్, క్లార్క్‌సన్–సెయింట్ లారెన్స్, హార్వర్డ్–డార్ట్‌మత్, బ్రౌన్–యేల్, ప్రిన్స్‌టన్–క్విన్నిపియాక్, ఆర్‌పీఐ–యూనియన్. వీళ్ళను ప్రయాణ జంటలంటారు. ఒక జంట మరో జంట దగ్గరకు బయలుదేరిందంటే, శుక్రవారం ఒకరితో, శనివారం మరొకరితో ఆడి, ఆదివారం తెల్లవారే లోపు ఇల్లు చేరుతుంది. (కోల్‌గేట్ పేరు చూసి నవ్వుకున్న పాఠకులకు ఒక మాట: ఆ విశ్వవిద్యాలయానికి ఆ పేరు మీ స్నానాలగదిలో ఉన్న టూత్‌పేస్టు కంపెనీ కుటుంబం నుంచే వచ్చింది.)

లెక్క చూడండి. ప్రతి జట్టూ మిగిలిన 11 జట్లతో ఇంట ఒకసారి, బయట ఒకసారి ఆడాలి. అంటే 22 ఆటలు. సొంత జంటతో ఆడే రెండింటిని పక్కన పెడితే మిగిలిన 20 ఆటలు పది వారాంతాల్లో పట్టేస్తాయి. వాటిలో అయిదు వారాంతాలు ఇంట్లో, అయిదు బయట. మీరన్నట్టు ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క ప్రయాణం పెట్టుకుంటే అయిదు ప్రయాణాలు పది అవుతాయి. బస్సు ఖర్చు, హోటలు ఖర్చు, పోయే తరగతులు అన్నీ రెట్టింపవుతాయి. ఇథాకా నుంచి పోట్స్‌డామ్‌కు సుమారు 200 మైళ్ళు. కాంటన్, పోట్స్‌డామ్ మధ్య దూరం మాత్రం పదకొండు మైళ్ళే. అంత దూరం వెళ్ళినవాళ్ళు పక్క ఊరి పని కూడా చూసుకుని రావడం మన పెళ్ళిపిలుపుల పద్ధతే కదా.

ఇందులో మరో సౌకర్యం ఉంది. శుక్రవారం కార్నెల్ కాంటన్‌లో ఆడుతున్నప్పుడు దాని జంట కోల్‌గేట్ పోట్స్‌డామ్‌లో ఆడుతూ ఉంటుంది. శనివారం ఇద్దరూ ఊళ్ళు మార్చుకుంటారు. అందుచేత ఆతిథ్యమిచ్చే జట్లకు కూడా అది వరుసగా రెండో రాత్రి ఆటే అవుతుంది. అలసట రెండు వైపులా ఉంటుంది, అయితే ఒకరు తమ పక్కమీద పడుకుని లేచినవారు, మరొకరు హోటలు పక్కమీద పడుకుని లేచినవారు.

మీ అబ్బాయి వెళుతున్న రెండింటిలో శనివారం ఆటకు కొంత కథ ఉంది. కార్నెల్‌కు 30 సీజన్లు శిక్షకుడిగా ఉన్న మైక్ షేఫర్ 2025లో విరమించాక ఆ స్థానంలోకి వచ్చిన కేసీ జోన్స్, 2011 నుంచి 2024 వరకు క్లార్క్‌సన్ జట్టుకే శిక్షకుడు. పదమూడు సీజన్లు తాను ఇంటివాడిగా నిలబడిన రింకులో (మంచు మైదానంలో) ఇప్పుడు అతిథుల బెంచీ వెనుక నిలబడతాడు. అంతకన్నా పాత లెక్క కూడా ఒకటుంది: 1970లో కార్నెల్ ఒక్క ఆట కూడా ఓడకుండా, ఒక్కటీ సమం చేసుకోకుండా 29కి 29 గెలిచి జాతీయ విజేత అయింది. ఆ తుది పోరులో 6–4 తేడాతో ఓడినది క్లార్క్‌సనే. పురుషుల జాతీయ టైటిల్ ఆ జట్టుకు ఇంతవరకూ దక్కలేదు. యాభై ఏళ్ళు దాటినా అటువంటివి ఆ చలి ఊళ్ళలో ఎవరూ మరచిపోరు.

ప్రశ్న: క్రికెట్‌లో పిచ్ మారుతుంది, కబడ్డీలో మట్టి మారుతుంది. మంచు ఎక్కడైనా మంచే కదా. ఐస్ హాకీలో సొంతగడ్డ అనుకూలత అంటే ఏమిటి? – వ్యాయామోపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: ఈ ఆటలో సొంతగడ్డ అంటే నిజంగానే గడ్డ! మంచు ఎక్కడైనా మంచేనన్న మీ మాటతో మాత్రం ఏకీభవించలేను. ఒక రింకులో మంచు గట్టిగా, వేగంగా ఉంటుంది. మరోచోట జనం ఊపిరి వేడికి మూడో పీరియడ్ నాటికి మెత్తబడి పక్ ఈడ్చుకుంటూ పోతుంది. రింకు చుట్టూ ఉండే గోడకు తగిలి పక్ ఏ కోణంలో తిరిగి వస్తుందో ఆ రింకులో రోజూ సాధన చేసేవాడికి ఒంటబట్టి ఉంటుంది. వచ్చినవాడు శుక్రవారం ఉదయపు సాధనలో అరగంటలో పట్టుకోవాలి. గోల్‌కీపర్లు ఆ అరగంటలో గోడల మూలల్లోకి పక్‌లు కొట్టించుకుని చూడటం నేను గమనించాను.

వీటన్నిటికన్నా బరువైనది నిబంధనల్లోనే ఉంది, ప్రేక్షకులకు అది కంటికి కనిపించదు. ఆట ఆగిన ప్రతిసారీ, మళ్ళీ మొదలయ్యే ముందు, అతిథి జట్టు శిక్షకుడు తన ఆటగాళ్ళను ముందుగా మంచు మీదకు పంపాలి. వాళ్ళెవరో చూసుకున్న తరువాత ఆతిథ్య జట్టు శిక్షకుడు తనవాళ్ళను మార్చుకోవచ్చు. చదరంగంలో ఎదుటివాడి ఎత్తు చూశాక మన ఎత్తు వేసే వెసులుబాటు ప్రతిసారీ ఒకరికే ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఈ ఆటలో ముందువరస ఆటగాళ్ళు ముగ్గురేసి ఒక జట్టుగా, ముప్పావు నిమిషం ఆడి, తరువాతి ముగ్గురికి చోటిచ్చి బెంచీ మీదకు వస్తుంటారు. మీ జట్టులో గోల్స్ కొట్టే ముగ్గురు దిగిన ప్రతిసారీ ఎదుటి శిక్షకుడు తన గట్టి డిఫెండర్లనే దింపుతాడు. దీనికి విరుగుడుగా అతిథి శిక్షకుడు ఆట ఆగినప్పుడు కాకుండా, ఆట నడుస్తుండగానే మనుషుల్ని మార్చేస్తాడు. పక్ దూరంగా వెళ్ళిన ఆ రెండు క్షణాల్లో ముగ్గురు గోడ దాటి లోపలికి వస్తుంటే ముగ్గురు బయటికి దూకుతారు. ఈ మార్పిడిలో ఒక్క క్షణం తడబడితే గోల్ పడుతుంది. బయటి ఊళ్ళలో కార్నెల్ ఆట చూసేటప్పుడు నేను పక్‌ను వదిలి బెంచీనే చూస్తుంటాను.

ఇక తడి సామాను. దీని గురించి ఎవరూ రాయరు కానీ బయటి వారాంతంలో సగం పని ఇదే. శుక్రవారం రాత్రి ఆట ముగిశాక ఇరవై మందికి పైగా ఆటగాళ్ళ చేతితొడుగులు, భుజరక్షలు, స్కేట్లు చెమటతో నానిపోయి ఉంటాయి. ఇంట్లో అయితే వాటిని ఆరబెట్టే గది ఉంటుంది. బయట ఉన్నప్పుడు సామాను చూసుకునే మనిషి ఫ్యాన్లు పెట్టి, తొడుగులను వేళ్ళు పైకి ఉండేలా బోర్లించి, తెల్లవారేసరికి ఆరేలా చూడాలి. వెంట తెచ్చుకున్న యంత్రం మీద ఒక్కొక్క జత స్కేట్ల అంచు మళ్ళీ సాన పట్టాలి. తడి తొడుగుతో ఆడితే కర్ర మీద పట్టు జారుతుంది. ఆ గదిలోకి ఒకసారి తొంగిచూసే అవకాశం దొరికింది. వర్షాకాలంలో హాస్టలు వరండాలో ఆరేసిన బూట్ల వాసనను నలభైతో హెచ్చవేసుకుంటే ఆ వాసన వస్తుంది.

జనం సంగతి వేరే చెప్పనక్కరలేదు. సెయింట్ లారెన్స్ ఆడే యాపిల్‌టన్ అరీనా 1951 నాటిది, చిన్నది. చాలా ఏళ్ళ క్రితం నేను వెళ్ళినప్పుడు చెక్క బెంచీల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళతో దరువు వేస్తుంటే కప్పు అదిరింది. క్లార్క్‌సన్‌లోని చీల్ అరీనా 1991లో కట్టినది, విద్యార్థుల భవనంతో కలిసే ఉంటుంది. భోజనం చేసి లేచినవాడు కోటు కూడా వేసుకోకుండా ఆటకు వచ్చేయగలడు. అయితే కార్నెల్ అభిమానులూ తక్కువవారేమీ కాదు. జాతీయగీతంలో ‘రెడ్’ అన్న మాట రాగానే తమ జట్టు రంగు కదా అని ఒక్కసారిగా ఆ మాట అరవడం వాళ్ళ ఆనవాయితీ. పరాయి ఊళ్ళో ఆ అరుపు ఎంత గట్టిగా వినబడిందన్న దాన్నిబట్టి ఎంతమంది తరలివచ్చారో ఆటగాళ్ళకు తెలిసిపోతుంది.

ప్రశ్న: ఇటువంటి బయటి వారాంతంలో రెండు ఆటల్లో ఎన్ని పాయింట్లు వస్తే మంచి ఫలితం అనుకోవాలి? పాయింట్లు ఎలా లెక్కిస్తారు? – క్రీడాభిమాని, హైదరాబాద్

జవాబు: అరవై నిమిషాల్లోనే గెలిస్తే 3 పాయింట్లు. సమంగా ఉంటే, ముగ్గురికి ముగ్గురు చొప్పున అయిదు నిమిషాల అదనపు ఆట ఆడతారు; మొదటి గోల్ పడగానే ఆట ముగుస్తుంది. అప్పటికీ తేలకపోతే షూటౌట్, అంటే ఒక్కొక్క ఆటగాడు ఒంటరిగా గోల్‌కీపరు మీదకు వెళ్ళి గోల్‌కు ప్రయత్నించడం. అదనపు సమయంలోగానీ షూటౌట్‌లోగానీ గెలిచినవారికి 2, ఓడినవారికి 1. అంటే వారాంతానికి ఆరు పాయింట్లు పందెంలో ఉంటాయి.

కాంటన్, పోట్స్‌డామ్ వంటి ఊళ్ళకు వెళ్ళిన జట్టు నాలుగు పాయింట్లతో తిరిగివస్తే బస్సులో పాటలు పాడుకోవచ్చు. మూడు వస్తే తప్పు పట్టను. ఆరుకు ఆరు తెచ్చుకున్న జట్టు మార్చి నెలలో పట్టిక పైభాగంలో కనిపిస్తుంది. శుక్రవారం ఓడినవాళ్ళు శనివారం అదనపు సమయం దాకా లాక్కెళ్ళి ఒక్క పాయింటు తెచ్చుకున్నా, ఆ ఒక్కటే ఆఖరి వారంలో స్థానాన్ని నిలబెట్టడం అరుదేమీ కాదు.

సమాఖ్య పట్టికకు బయట మరో లెక్క ఉంది. జాతీయ పోటీకి 16 జట్లు వెళతాయి. ఆరు సమాఖ్యల విజేతలకు నేరుగా చోటు, మిగిలిన పది స్థానాలు సీజన్ మొత్తం ఫలితాల మీద కట్టే ర్యాంకును బట్టి. ఆ ర్యాంకుల కోసం 2013–14 నుంచి చాలా ఏళ్ళు వాడిన సూత్రంలో ఇంట గెలుపును 0.8గా, బయట గెలుపును 1.2గా లెక్కించేవారు. ఇటీవల సూత్రం మారినా, పరాయి గడ్డ మీద గెలుపు బరువైనదన్న ఆలోచన మారలేదు. ఇంట్లో బలహీనుణ్ణి ఓడించిన గెలుపు కన్నా కాంటన్‌లో చెమటోడ్చి తెచ్చుకున్న గెలుపుకు విలువ ఎక్కువ ఉండాలన్నది నాకు న్యాయంగానే తోస్తుంది.

ప్రశ్న: టీవీలో చూసిన ఐస్ హాకీలో ఆటగాళ్ళు చేతితొడుగులు విసిరేసి కొట్టుకుంటారు. పిల్లలు చదువుకునే చోట కూడా ఇంతేనా? – గృహిణి, విజయవాడ

జవాబు: లేదండీ. మీరు చూసినది వృత్తి క్రీడాకారుల లీగు. కళాశాల ఆటలో ముఖమంతా కప్పే జాలీ తప్పనిసరి, కొట్లాటకు దిగినవాణ్ణి ఆ ఆట నుంచి వెళ్ళగొట్టడమే కాక తరువాతి ఆట కూడా ఆడనివ్వరు. శుక్రవారం కొట్లాడినవాడు శనివారం కోటు వేసుకుని గ్యాలరీలో కూర్చోవాలి. రెండొందల మైళ్ళు వెళ్ళి అలా కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ప్రశ్న: నేను సిరక్యూస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. నా బాల్యమిత్రుడు కార్నెల్‌లో ఉన్నాడు. కాంటన్ ఆట చూడటానికి మేము నలుగురం కారులో వెళ్దామనుకుంటున్నాం, ఆట అయ్యాక రాత్రికే తిరిగి వచ్చేస్తాం. ఇది మాకు ఇక్కడ మొదటి చలికాలం. ఏమైనా జాగ్రత్తలు చెప్పగలరా? – విద్యార్థి, సిరక్యూస్

జవాబు: మొదటి జాగ్రత్త: రాత్రికే తిరిగి రావద్దు. ఆట రాత్రి 7కు మొదలై తొమ్మిదిన్నర దాకా సాగుతుంది. ఆ తరువాత కాంటన్ నుంచి సిరక్యూస్‌కు సుమారు 130 మైళ్ళు. వాటర్‌టౌన్ దాకా 11వ నంబరు రహదారి రెండు వరుసల చీకటి దారి, జింకలు అడ్డం వస్తాయి. నలుగురూ కలిసి గది తీసుకుని ఉదయం బయలుదేరండి. ఎలాగూ ఉంటున్నారు కాబట్టి శనివారం పోట్స్‌డామ్ ఆట కూడా చూసి, ఆదివారం రండి.

రెండోది, సిరక్యూస్ దాటి వాటర్‌టౌన్ వైపు 81వ నంబరు హైవే ఎక్కాక మీ ఎడమ పక్క ఒంటారియో సరస్సు, కుడి పక్క టగ్ హిల్ పీఠభూమి ఉంటాయి. చలిగాలి సరస్సు మీదుగా వస్తూ, ఇంకా గడ్డకట్టని నీటి నుంచి ఆవిరి మోసుకొచ్చి ఆ ఎత్తు తగలగానే మంచుగా గుమ్మరిస్తుంది. ఆ మంచు సన్నటి పట్టీలుగా పడుతుంది: ఇక్కడ ఎండ, అయిదు మైళ్ళ అవతల ఎదురు బండి కనిపించదు. నా మొదటి చలికాలంలో సిరక్యూస్‌లో ఆకాశం నీలంగా ఉందని చూసి, పలచని జాకెట్టుతో, పావు ట్యాంకు పెట్రోలుతో బయలుదేరాను. దారిలోని పులాస్కీ అనే ఊరు దాటాక నా కారు ముందు భాగం కూడా నాకు కనిపించలేదు. ముందున్న లారీ వెనుక ఎర్ర దీపాలు పట్టుకుని పాకుతూ వెళ్ళి, చివరకు హైవే మీదే మూడు గంటలు నిలబడిపోయాను. హీటరు వేస్తే పెట్రోలు అయిపోతుంది, ఆపితే వేళ్ళు కొంకర్లు పోతాయి. పక్క కారులోని పెద్దావిడ ఒక కంబళి ఇచ్చి, “సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తీసేస్తూ ఉండు నాయనా” అన్న అర్థం వచ్చే మాట చెప్పి వెళ్ళింది. ఆ గొట్టం మంచుతో మూసుకుపోతే విషవాయువు కారులోకి వస్తుందన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు ఆట చూడలేకపోయాను.

కాబట్టి నిండు ట్యాంకు, చలికాలపు టైర్లు, కంబళ్ళు, చిన్న పార, ఫోను చార్జరు లేకుండా కదలవద్దు. బయలుదేరే ముందు 511 నంబరుకు ఫోను చేస్తే రోడ్ల పరిస్థితి చెబుతారు. మంచు మీద క్రూజ్ కంట్రోల్ (కారు వేగాన్ని తానే నిలిపి ఉంచే ఏర్పాటు) వాడవద్దు. రోడ్డు బాగా లేదంటే ఆట మానుకోండి.

మూడోది మన పిల్లలు తరచు మరచిపోయేది. కాంటన్, పోట్స్‌డామ్ కెనడా సరిహద్దుకు దగ్గరి ఊళ్ళు. ఆ చుట్టుపక్కల రోడ్ల మీద సరిహద్దు గస్తీ అధికారులు బండ్లు ఆపి అడగడం ఉంటుంది. విదేశీయులు 18 ఏళ్ళు దాటినవారైతే నమోదు పత్రాలు వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. పాస్‌పోర్టు, ఐ-20 (కళాశాల ఇచ్చే విద్యార్థి పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి నమోదు) కాగితం దగ్గర పెట్టుకోండి. ఫోనులో ఫొటో ఉందని వదిలేయవద్దు. 81వ హైవే మీద వాటర్‌టౌన్ దగ్గర దిగడం మరచి నేరుగా పోయారంటే అది మిమ్మల్ని కెనడా వంతెన దాకా తీసుకెళుతుంది. ఆ వంతెన ఎక్కాక వెనక్కి తిరగడం మామూలు యూటర్న్ కాదు.

ప్రశ్న: వారం వారం ఇలా తిరిగితే ఆ ఆటగాళ్ళు చదివేది ఎప్పుడు? – విశ్రాంత అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ సందేహం సమంజసమైనదే, నా జవాబు మీకు పూర్తిగా తృప్తినివ్వకపోవచ్చు. అమెరికా కళాశాలల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నిబంధన ప్రకారం సీజన్‌లో ఆటకు కేటాయించే సమయం వారానికి 20 గంటలు మించకూడదు. అయితే ఆట జరిగిన రోజును, ఎంతసేపు గడిచినా, మూడు గంటలుగానే లెక్కిస్తారు. బస్సులో గడిపిన గంటలను అసలు లెక్కలోకి తీసుకోరు. పోట్స్‌డామ్ రానుపోను ప్రయాణం కాగితం మీద సున్నా గంటలన్నమాట. నా ఉద్దేశంలో ఈ లెక్క సంస్థల సౌకర్యం కోసం రాసుకున్నదే.

దానికి ఆటగాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం బస్సులోనే చదవడం. కార్నెల్ ఉన్న ఐవీ లీగ్ అనే పాత విశ్వవిద్యాలయాల కూటమిలోని కళాశాలలు ఆటను చూసి ఉపకారవేతనాలు ఇవ్వవు కనుక కార్నెల్ జట్టులో ఉన్నవారు ఆట మానేసినా చదువు సాగించవలసినవారే. పైగా చాలామంది ఉన్నత పాఠశాల తరువాత ఒకటి రెండేళ్ళు జూనియర్ లీగుల్లో ఆడి, పందొమ్మిది ఇరవై ఏళ్ళకు మొదటి సంవత్సరంలో చేరతారు. బస్సు జీవితం వాళ్ళకు అప్పటికే అలవాటు. వెళ్ళేటప్పుడు దీపాలు వెలిగే ఉంటాయని, తిరిగివచ్చేటప్పుడు మాత్రం ఎవరూ పుస్తకం తెరవరని అందులో ప్రయాణించిన ఒక విద్యార్థి నాతో అన్నాడు.

ప్రశ్న: మొదటి ఉత్తరం రాసిన గుంటూరు తండ్రినే మళ్ళీ రాస్తున్నాను. మా అబ్బాయి డ్రమ్ము వాయించే సమయం మనకు ఎప్పుడవుతుంది? ఆట జరిగేటప్పుడు మెలకువగా ఉందామని నేనూ, వాళ్ళ అమ్మా అనుకుంటున్నాం.

జవాబు: అక్కడ శుక్రవారం రాత్రి 7 గంటలంటే మనకు శనివారం తెల్లవారుజాము 5.30. నవంబరు మొదటి ఆదివారం నాడు వాళ్ళు గడియారాలు వెనక్కి తిప్పుతారు. అంతకుముందు జరిగే ఆటలైతే 4.30కే లేవాలి. ఈసీఏసీ ఆటలను అమెరికాలో ఈఎస్‌పీఎన్ ఆన్‌లైన్ సేవలో చూపిస్తారు. బ్యాండును చూపేది పీరియడ్ల మధ్య విరామంలో, మంచు చదునుచేసే బండి తిరుగుతున్నప్పుడు కొన్ని సెకన్లు మాత్రమే. కాబట్టి ఆ విరామంలో మీ అబ్బాయినే వీడియో తీసి పంపమనండి. శనివారం ఎనిమిదింటికి మొదటి ఫలితం తెలుస్తుంది. ఓడినా గెలిచినా వెంటనే ఫోను చేయకండి. అప్పుడు వాడు డ్రమ్ము సర్దుకుని బస్సెక్కే హడావుడిలో ఉంటాడు. ఆదివారం ఉదయం మళ్ళీ 5.30కే లేవాలి, అలారం తీసేయకండి.